ఇంటర్ కోసం ఆటను రెండేళ్లు ఆపవచ్చా? అండర్-18 ఆసియా కప్‌పై కన్నేసిన అమ్మాయి తండ్రికి సమాధానం

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది, 2010 ఆగస్టులో పుట్టింది. ఈ ఏడాది అండర్-16 రాష్ట్ర బాస్కెట్‌బాల్ జట్టులో జాతీయ పోటీలకు వెళ్లి వచ్చింది. ఎత్తు 165 సెంటీమీటర్లు, జట్టు ఆటను నడిపించే పాయింట్ గార్డ్‌గా ఆడుతుంది. అండర్-18 మహిళల ఆసియా కప్ మ్యాచ్‌లు ఫోన్‌లో చూసినప్పటి నుంచి దేశం తరఫున ఆడతానని పట్టుబడుతోంది. లెక్కల్లో మంచి మార్కులే వస్తాయి. ఇంటర్ ఎంపీసీకి రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించి, ఆటను రెండేళ్లు ఆపించి, బీటెక్‌లో చేరాక మళ్లీ ఆడుకోమని చెప్పాలనుకుంటున్నాము. ఇది సరైన నిర్ణయమేనా?

సమాధానం: ఆటను రెండేళ్లు ఆపించాలన్న ఆలోచనను మాత్రం దయచేసి విరమించుకోండి. అమ్మాయిని ఎంపీసీలో చేర్పించడంలో గానీ, బీటెక్ చదివించాలనుకోవడంలో గానీ తప్పు లేదు. కానీ వయోపరిమితి ఉండే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్‌లో ఆమెకు మిగిలి ఉన్నవి సరిగ్గా మీరు ఆపించదలచిన ఆ రెండేళ్లే. ఎప్‌సెట్‌లో ఆశించిన ర్యాంకు రాకపోతే మరుసటి ఏడాది మళ్లీ రాయవచ్చు, అండర్-18 వయసు మాత్రం ఒకసారి దాటితే తిరిగి రాదు.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు, లెక్క చూడండి. అండర్-18 మహిళల ఆసియా కప్‌ను అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా రెండేళ్లకోసారి నిర్వహిస్తుంది. 2018లోనూ 2022లోనూ బెంగళూరులో, 2024లో చైనాలోని షెన్‌జెన్‌లో జరిగింది. టోర్నీ జరిగే సంవత్సరంలో 18 ఏళ్లు నిండేవారు, అంతకంటే చిన్నవారు ఇందులో ఆడవచ్చు. ఆ ప్రకారం 2026 టోర్నీకి 2008 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు అర్హులు కాబట్టి మీ అమ్మాయికి అర్హత ఉన్నా, తనకంటే రెండున్నరేళ్లు పెద్దవారితో పోటీ పడవలసి వస్తుంది. ఇదే వరుస కొనసాగితే 2028 టోర్నీకి 2010 జనవరి 1 తర్వాత పుట్టినవారు అర్హులవుతారు, అంటే ఆమె తన వయసు బృందంలో పెద్దవారిలో ఒకరిగా, పూర్తి బలంతో ఆడగలిగే టోర్నీ అదే. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసేది కూడా 2028 వసంతంలోనే. అండర్-16 విభాగం 2023, 2025 సంవత్సరాల్లో జరిగింది, 2027లో జరిగితే 2011లోనూ ఆ తర్వాతా పుట్టినవారికే అవకాశం కనుక ఆ దారి ఇప్పటికే మూసుకుపోయింది. మీ ప్రణాళిక ప్రకారం ఆమె రెండేళ్లు కోర్టుకు దూరంగా ఉండి 2028లో మళ్లీ బంతి పట్టుకుంటే, అప్పటికి తన ఈడు ఆటగాళ్లు జాతీయ జట్టు ఎంపిక కోసం జరిగే ప్రాబబుల్స్ శిబిరాల్లో ఉంటారు.

ఇక దేశం తరఫున ఆడటం ఎంత కష్టమో కూడా దాచకుండా చెప్పాలి. జట్టులో ఉండేది 12 మంది. జిల్లా పోటీలు, రాష్ట్ర సంఘం ట్రయల్స్, బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నిర్వహించే అండర్-18 జాతీయ జూనియర్ ఛాంపియన్‌షిప్, ఆ తర్వాత ప్రాబబుల్స్ శిబిరం దాటుకుని ఆ 12 మందిలో నిలవాలి. అక్కడి నుంచి పోటీ మరో స్థాయిలో ఉంటుంది. 2017 నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్లు కూడా ఆసియా పోటీల్లోనే ఆడుతున్నాయి. జట్లు పై స్థాయి ఎ, కింది స్థాయి బి డివిజన్లుగా విడిపోతాయి, ఎ డివిజన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచినవే మరుసటి ఏడాది అండర్-19 ప్రపంచ కప్‌కు వెళతాయి. 2022 బెంగళూరు పోటీల నుంచి ఆస్ట్రేలియా, చైనా, జపాన్, చైనీస్ తైపీ జట్లు అలా 2023 మాడ్రిడ్ ప్రపంచ కప్‌కు వెళ్లాయి. మన సీనియర్ మహిళల జట్టు 2017లో బెంగళూరులో కజకిస్థాన్‌పై 75-73 తేడాతో గెలిచి బి డివిజన్ విజేతగా నిలిచింది. మన అమ్మాయిలు ఎదగలేరని చెప్పడానికి ఏ కారణమూ లేదు, అయితే అగ్రశ్రేణి జట్లతో ఉన్న దూరం ఇంకా పెద్దదేనని తెలిసే అడుగు వేయాలి.

ఎత్తు గురించి మీకు భయం ఉండవచ్చు. 165 సెంటీమీటర్లు బుట్ట దగ్గర ఆడే సెంటర్ స్థానానికి చాలవు, పాయింట్ గార్డ్ స్థానానికి అడ్డు కావు. టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జపాన్ మహిళల జట్టు పాయింట్ గార్డ్ రుయి మచిదా ఎత్తు 162 సెంటీమీటర్లు. ఫ్రాన్స్‌తో జరిగిన సెమీఫైనల్లో ఆమె ఒక్కతే 18 అసిస్టులు (సహచరులు బుట్టలో వేయడానికి దారితీసిన పాస్‌లు) చేసి మహిళల ఒలింపిక్ రికార్డు నెలకొల్పింది. తమకంటే పొడవైన జట్లను జపాన్ వేగంతో, మూడు పాయింట్ల షాట్లతో, ఒక్క క్షణం కూడా నిలవని పాసింగ్‌తో ఓడించింది. పొట్టిగా ఉన్న గార్డ్‌కు ఎడమ చేతి డ్రిబ్లింగ్, మూడు పాయింట్లు తెచ్చే 6.75 మీటర్ల గీత వెలుపలి నుంచి నిలకడైన షాట్, ఒత్తిడిలో సరైన నిర్ణయం అనే మూడూ తప్పనిసరి, వాటిలో ఏ ఒక్కటి లోపించినా ఎత్తు తక్కువన్న మాట ప్రతి ట్రయల్‌లోనూ వినిపిస్తుంది.

అందువల్ల ఆమె చూస్తున్న ఆ మ్యాచ్‌లను మీరూ పక్కన కూర్చుని చూడాలని నా విన్నపం. ఫిబా తన యువ జట్ల పోటీలను యూట్యూబ్‌లో ఉచితంగా చూపిస్తుంది. ముఖ్యఘట్టాల చిన్న వీడియోలు కాకుండా పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లూ పూర్తిగా చూడండి, స్కోరును పక్కనపెట్టి ఇరు జట్ల పాయింట్ గార్డ్‌లను మాత్రమే గమనించండి. ప్రత్యర్థి కోర్టు అంతటా వెంటపడి అడ్డుకుంటున్నప్పుడు ఎనిమిది సెకన్లలోపు బంతిని సగం గీత దాటించడం ఎంతమందికి సాధ్యమవుతోంది, షాట్ వేయడానికి ఇచ్చే 24 సెకన్ల గడియారంలో ఆఖరి ఐదు సెకన్లకు వచ్చేసరికి ఎవరి పాస్ తడబడుతోంది, బంతి పోగొట్టుకున్న గార్డ్ వెంటనే డిఫెన్స్‌కు పరుగెత్తుతోందా లేక తల పట్టుకుని నిలబడుతోందా అన్నవి మీ అమ్మాయి చేత కాగితం మీద రాయించండి. తర్వాత తన జాతీయ పోటీల మ్యాచ్ వీడియో ఏదైనా ఉంటే దానికీ అదే లెక్క రాయించండి. 2022 బెంగళూరు టోర్నీ సెప్టెంబరు 5 నుంచి 11 వరకు వారం రోజుల్లో ముగిసిందని గుర్తుంచుకుంటే, దాదాపు ప్రతిరోజూ మ్యాచ్ ఆడి మర్నాటికి కోలుకోగల శరీరం ఎంత అవసరమో కూడా అర్థమవుతుంది. ఈ అభ్యాసం తర్వాత కూడా ఆమె పట్టుదల తగ్గకపోతే అది మ్యాచ్‌లు చూసి పుట్టిన మోజు కాదని నమ్మవచ్చు. తనకు ఏమేమి రావో తానే గుర్తించి కోచ్ దగ్గరకు వెళ్లే పిల్లల మీద నాకు గట్టి నమ్మకం.

జాతీయ జట్టులో చోటు దక్కకపోతే ఈ రెండేళ్లు వృథా అవుతాయా అన్నదే మీ అసలు ఆందోళన అని అనుకుంటున్నాను. వృథా కావు, అయితే పత్రాలు సరిగ్గా ఉండాలి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో ప్రతిభావంతులైన క్రీడాకారులను నేరుగా తీసుకునే అవకాశం ఉంది, ఆ ఆటల జాబితాలో బాస్కెట్‌బాల్ ఉంది. దేశానికి ఆడినవారికి జాతీయ సమాఖ్య కార్యదర్శి ఇచ్చే ఫారం-1, రాష్ట్రానికి ఆడినవారికి రాష్ట్ర సంఘం కార్యదర్శి ఇచ్చే ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికి ఫారం-3, జాతీయ పాఠశాలల పోటీల్లో రాష్ట్రానికి ఆడినవారికి ఫారం-4 అవసరమవుతాయి. మీ అమ్మాయి ఇప్పటికే రాష్ట్రం తరఫున ఆడింది కాబట్టి పోటీల్లో చేతికిచ్చే రంగుల సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా ఈ ఏడాది ప్రాతినిధ్యానికి ఫారం-2ను ఇప్పుడే సంఘం నుంచి తీసుకోండి, ఏళ్లు గడిచాక పదాధికారులు మారిపోతే ఆ సంతకం కోసం తిరగవలసి వస్తుంది. సికింద్రాబాద్‌లో ప్రధాన కార్యాలయమున్న దక్షిణ మధ్య రైల్వే వంటి సంస్థలు క్రీడా కోటాలో నియామకాలు జరుపుతాయి. భారత జట్టుకు సారథ్యం వహించి 2021లో పద్మశ్రీ అందుకున్న అనితా పాల్‌దురై రైల్వే ఉద్యోగిగానే ఏళ్ల తరబడి దేశానికి ఆడారు.

చదువు వైపు కూడా ఈ పత్రాలకు విలువ ఉంది. మన రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశాల్లో క్రీడల విభాగానికి 0.5 శాతం సీట్లు ఉన్నాయి, అంతర్జాతీయ ప్రాతినిధ్యం, జాతీయ పతకం ఉన్నవారికి వాటిలో ముందు వరుస. ఐఐటీ మద్రాస్ 2024 నుంచి ప్రతి బీటెక్ కోర్సులో క్రీడాకారులకు రెండేసి అదనపు సీట్లు ఇస్తోంది, అందులో ఒకటి అమ్మాయిలకే. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హతతో పాటు గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ స్థాయిలో ఒక్క పతకమైనా ఉండాలి. వినడానికి ఇది ఆకర్షణీయంగా ఉన్నా, అడ్వాన్స్‌డ్ శిక్షణ, జాతీయ స్థాయి సాధన రెండింటినీ పూర్తిగా మోయగల పిల్లలు చాలా అరుదు కనుక దీన్నే లక్ష్యంగా పెట్టవద్దని నా అభిప్రాయం. ఎంపీసీ తీసుకుని ఎప్‌సెట్ స్థాయి సన్నద్ధతకు పరిమితం చేయండి.

కాలేజీ ఎంపికలో నేను చాలా కచ్చితంగా ఉంటాను. ఉదయం స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెసిడెన్షియల్ క్యాంపస్‌లో, గేటు దాటాలంటే అవుటింగ్ కోసం ఎదురుచూడవలసిన చోట, బాస్కెట్‌బాల్ బతకదు. ఇంటి నుంచి అరగంటలో చేరగల డే స్కాలర్ కాలేజీని, మరో అరగంటలో చేరగల కోర్టును ముందుగా గుర్తించండి. సికింద్రాబాద్ వైఎంసీఏ కోర్టు మీకు దగ్గర, అవసరమైతే చాదర్‌ఘాట్‌లోని విక్టరీ ప్లేగ్రౌండ్ ఉంది. ఉదయం గంట షూటింగ్, సాయంత్రం రెండు గంటల జట్టు సాధన, మధ్యలో కాలేజీ, రాత్రి గంటన్నర చదువు, ఎనిమిది గంటల నిద్ర అన్నది సాధ్యమయ్యే దినచర్యే, ప్రయాణంలోనే మూడు గంటలు పోతే అది కూలిపోతుంది. ఆదివారాన్ని చదువుకే ఉంచండి. పబ్లిక్ పరీక్షలకు ముందు ఆరు వారాల పాటు సాయంత్రం సాధనను గంటకు తగ్గించవచ్చు, పూర్తిగా ఆపకూడదు.

శరీరం విషయంలో తండ్రులు అడగడానికి మొహమాటపడే సంగతులు ఉంటాయి, అమ్మగారు కూడా ఈ భాగం చదవాలి. దూకి దిగే ఆటల్లో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. ప్రతి సాధనకు ముందు పదిహేను నిమిషాలు దూకి సరిగా దిగడం, ఒంటి కాలి మీద నిలకడ, తొడ కండరాల బలానికి సంబంధించిన వ్యాయామాలు చేయిస్తే ఆ ప్రమాదం గణనీయంగా తగ్గుతుంది, మీ కోచ్ అవి చేయిస్తున్నారో లేదో అడగండి. ఏడాదికి రెండుసార్లు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. సాధన పెరిగాక నెలసరి ఆగిపోయినా, బాగా క్రమం తప్పినా అది ఆటలో సహజమేనని వదిలేయకుండా గైనకాలజిస్టుకు చూపించాలి, తిండి చాలకపోవడం దానికి తరచూ కారణమవుతుంది. బయటి ఊళ్లకు జట్టు వెళ్లేటప్పుడు వెంట మహిళా మేనేజరు ఎవరు వస్తున్నారో అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

విదేశీ స్కాలర్‌షిప్ గురించి అమ్మాయి ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది. బెంగళూరు అమ్మాయి సంజనా రమేశ్ అమెరికాలోని నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయానికి ఆడింది కనుక ఆ దారి నిజమైనదే. అక్కడి కళాశాల క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ పెట్టిన డివిజన్-1 (అగ్రశ్రేణి) నిబంధనలు 9 నుంచి 12వ తరగతి వరకు 16 ప్రధాన సబ్జెక్టుల మార్కులు లెక్కిస్తాయి కాబట్టి తొమ్మిది, పది తరగతుల మెమోలు భద్రంగా ఉంచండి. సీటు ఇప్పిస్తామని ముందే లక్షలు అడిగే మధ్యవర్తులను మాత్రం దగ్గరకు రానివ్వకండి, ఆటగాళ్ల వీడియోలను కోచ్‌లకు నేరుగా పంపడానికి ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు. ఆట మీదే జీవితం కట్టుకోవాలనుకుంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) కోచింగ్ డిప్లొమా, ఫిజియోథెరపీ డిగ్రీ, బీపీఈడీ, రెఫరీ లైసెన్సు ఉన్నాయి. వాటి గురించి డిగ్రీ దశలో మాట్లాడుకోవచ్చు.

ఈ నెలలో చేయవలసినవి కొన్ని ఉన్నాయి. జనన ధ్రువపత్రం, ఆధార్, పాఠశాల రికార్డుల్లో పుట్టిన తేదీ, పేరులోని ప్రతి అక్షరం ఒకేలా ఉన్నాయో చూడండి, పదో తరగతి మెమో ముద్రణకు వెళ్లకముందే తేడాలు సరిచేయించండి. వయసు మోసాల వల్ల మన సమాఖ్యలు పత్రాలను ఇప్పుడు చాలా నిశితంగా పరిశీలిస్తున్నాయి, చిన్న తేడాతో నిజాయితీ గల పిల్లలు కూడా ఇబ్బంది పడుతున్నారు. పాస్‌పోర్టుకు కూడా ఇప్పుడే దరఖాస్తు చేయండి, శిబిరం పిలుపు వచ్చాక దాని కోసం పరుగెత్తే సమయం ఉండదు. ఆ తర్వాత మీరు అనుకుంటున్న రెండు మూడు కాలేజీలకు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, రాష్ట్ర, జాతీయ పోటీలకు వెళ్లిన రోజులను హాజరుగా పరిగణిస్తారా, తప్పిన ప్రాక్టికల్స్‌ను మళ్లీ చేయిస్తారా అని ప్రిన్సిపాల్‌నే అడగండి. ఫీజు మొదటి వాయిదా కట్టేది ఆ మాట కాగితం మీద చేతికి వచ్చిన తర్వాతే.