హుస్సేన్ సాగర్ లాంటి చెరువులో కాలుష్యాన్ని ఎలా తగ్గిస్తారు? చేరిన మురుగును ఎలా శుద్ధి చేస్తారు?

16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన ఈ చెరువులోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వచ్చి కలుస్తాయి కాబట్టి, శుద్ధి చెరువులో కాక నాలాల దగ్గరే మొదలుకావాలి. మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకూ గుర్రపుడెక్కకూ ఎరువుగా మారతాయి. అవి కుళ్ళేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఖర్చైపోయి చేపలు చనిపోతాయి.

మురుగుశుద్ధి కేంద్రంలో ముందుగా జాలీలతో చెత్తను ఆపి, ఇసుకను, బరువైన మడ్డిని అడుగుకు దిగనిస్తారు. తరువాత తొట్లలోకి గాలిని పంపితే, సూక్ష్మజీవులు సేంద్రియ మలినాలను తిని పెరిగి, బురదగా కిందికి చేరతాయి. అయితే ఈ దశలో భాస్వరం చాలావరకు నీటిలోనే మిగిలిపోతుంది. దాన్ని పటిక వంటి లవణాలతో విడిగా తొలగించాలి. పరిశ్రమల వ్యర్థజలాల్లోని భార లోహాలను సూక్ష్మజీవులు నాశనం చేయలేవు, పైగా అవే దెబ్బతింటాయి కనుక, ఆ నీటిని ఫ్యాక్టరీలోనే సున్నం వంటివి కలిపి శుద్ధి చేయడం తప్పనిసరి.

మన దేశ ప్రమాణాల ప్రకారం స్నానానికి పనికివచ్చే నీటిలో జీవరసాయన ఆక్సిజన్ అవసరం (బీఓడీ), అంటే నీటిలోని మలినాలను తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములు మించరాదు, కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. వాసన పోవడానికి ఏవో ద్రావణాలు చల్లడం నా దృష్టిలో కంటితుడుపు చర్యే. నాలాలను పూర్తిగా మళ్ళించినా, ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న పూడిక నుంచి భాస్వరం తిరిగి నీటిలోకి విడుదలవుతూనే ఉంటుంది; కాబట్టి పూడికతీత కూడా అవసరమే.