ఒకే జెడ్‌లిబ్, రెండు లైబ్రరీలు: లింకింగ్ చిక్కులు

ప్రశ్న: మా ప్రోగ్రాం ఇమేజ్, బ్యాకప్ అనే రెండు స్టాటిక్ (బిల్డ్‌లోనే ప్రోగ్రాంలో కలిసిపోయే) లైబ్రరీలను వాడుతుంది. రెండింటికీ డేటాను కుదించి, విప్పే జెడ్‌లిబ్ కావాలి. లింక్ కమాండ్‌లో జెడ్‌లిబ్ ఇచ్చినా ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఇన్‌ఫ్లేట్’ (జెడ్‌లిబ్‌లోని ఇన్‌ఫ్లేట్ ఫంక్షన్ దొరకలేదు) అంటూ ఆగిపోతోంది. ఎందుకు?

జవాబు: జెడ్‌లిబ్‌ను ఆ రెండింటికంటే ముందు రాసి ఉంటారు. కంపైలైన ముక్కలను కలిపే గ్నూ లింకర్ కమాండ్‌ను ఎడమ నుంచి కుడికి చదువుతుంది. డాట్ ఏ ఫైలు, అంటే స్టాటిక్ లైబ్రరీ, తగిలినప్పుడు, అప్పటిదాకా దొరకని సింబల్స్ (ఫంక్షన్లు, వేరియబుల్స్ పేర్లు) ఏ ఆబ్జెక్ట్‌లో ఉంటే దాన్నే తీసుకుంటుంది, మిగతావి వదిలేస్తుంది. మళ్ళీ వెనక్కి రాదు. కాబట్టి ముందు మీ ఆబ్జెక్ట్ ఫైళ్ళు, తర్వాత ఇమేజ్, బ్యాకప్, చివర్లో -ఎల్‌జెడ్ (జెడ్‌లిబ్). రెండింటికీ కలిపి ఒక్కసారి రాస్తే చాలు. ఇమేజ్, బ్యాకప్ ఒకదాన్నొకటి పిలుచుకుంటుంటే మాత్రం వాటిని --స్టార్ట్-గ్రూప్, --ఎండ్-గ్రూప్ మధ్య పెట్టండి.

ప్రశ్న: లినక్స్‌లో మా రెండు లైబ్రరీలనూ షేర్డ్‌గా (ప్రోగ్రాం నడిచేటప్పుడు లోడయ్యేలా) మార్చాం. ఇమేజ్‌లోకి జెడ్‌లిబ్ 1.2.5, బ్యాకప్‌లోకి 1.2.11 స్టాటిక్‌గా కలిపాం. లింక్ సాఫీగా అయింది. కానీ బ్యాకప్‌లో జెడ్‌లిబ్ ఫంక్షన్ ఇన్‌ఫ్లేట్‌గెట్‌డిక్షనరీని పిలిస్తే -2 వస్తోంది. విడిగా పరీక్షిస్తే బాగానే ఉంది.

జవాబు: లింకర్ ఏమీ అనలేదు కదా అని ధీమా పడకూడని చోటు ఇదే. రెండు డాట్ ఎస్‌ఓలూ (షేర్డ్ లైబ్రరీ ఫైళ్ళు) జెడ్‌లిబ్ సింబల్స్‌ను బయటపెడుతున్నాయి. వాటికి వెర్షన్ ముద్రలు లేవు కాబట్టి, రన్ అయ్యేటప్పుడు లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే లోడర్ పేరు ఒక్కటే చూస్తుంది, లోడైన వరుసలో ముందు కనిపించిన దానికి కట్టేస్తుంది. ఇమేజ్ ముందు లోడైతే, బ్యాకప్ పిలిచే ఇన్‌ఫ్లేట్ కూడా ఇమేజ్‌లోని పాతదే. అయితే ఇన్‌ఫ్లేట్‌గెట్‌డిక్షనరీ 1.2.5లో లేదు, అదొక్కటీ బ్యాకప్‌లోని కొత్త కాపీ నుంచి వస్తుంది. పాత కోడ్ తయారుచేసిన స్టేట్‌ను (స్ట్రీమ్ లోపలి వివరాలుండే స్ట్రక్చర్) కొత్త కోడ్ తనిఖీ చేస్తుంది. 1.2.11 స్టేట్‌లో మొదటి ఫీల్డ్ జెడ్_స్ట్రీమ్‌కు (మీ ప్రోగ్రాం జెడ్‌లిబ్‌కు ఇచ్చే స్ట్రక్చర్) తిరిగి చూపే పాయింటర్, 1.2.5లో అక్కడ ఉన్నది మోడ్. అవి సరిపోలవు, కనుక -2, అంటే స్ట్రీమ్ ఎర్రర్. మొదట్లోనే ఎందుకు పట్టుబడలేదంటే, ఇనిట్ దగ్గర జెడ్‌లిబ్ చూసేది వెర్షన్‌లో మొదటి అంకె, స్ట్రక్చర్ సైజు మాత్రమే.

నిర్ధారణకు ఎల్‌డీ_డీబగ్=బైండింగ్స్ పెట్టి ప్రోగ్రాం నడపండి. ఏ ఫైలులోని పిలుపు ఏ ఫైలుకు కట్టిందో వరుసగా చూపిస్తుంది.

సరైన పరిష్కారం: రెండింటిలోంచీ స్టాటిక్ కాపీ తీసేసి, ఒకే షేర్డ్ జెడ్‌లిబ్‌తో మళ్ళీ లింక్ చేయడం. ఇమేజ్ సోర్స్ మీ చేతిలో లేకపోతే, బ్యాకప్‌ను లింక్ చేసేటప్పుడు --ఎక్స్‌క్లూడ్-లిబ్స్‌కు జెడ్‌లిబ్ డాట్ ఏ పేరు ఇవ్వండి. దాని కాపీ బయటికి కనిపించదు, లోపలి పిలుపులు లోపలి కాపీకే చేరతాయి. ఆ తర్వాత ఒక లైబ్రరీ తెరిచిన స్ట్రీమ్‌ను రెండోదానికి అందించకండి.

ప్రశ్న: ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 3తో ఘర్షణ పడొచ్చు’ అన్న లింకర్ హెచ్చరికను వదిలేయొచ్చా?

జవాబు: వద్దు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉన్న ఎన్‌క్రిప్షన్ ప్యాకేజీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సింబల్స్‌కు వెర్షన్ ముద్రలున్నాయి కాబట్టి పిలుపులు వేటికవి చేరతాయి. కానీ ఒకదాంట్లో పుట్టిన కాంటెక్స్ట్ పాయింటర్ రెండోదాంట్లోకి వెళ్ళిందంటే క్రాష్ తప్పదనే అనుకోండి. పైగా 1.1.1కు ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబరుతో ముగిసింది. ఒక ఫైలుకు ఏ షేర్డ్ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీతో పాతదాన్ని లాగుతున్న లైబ్రరీ ఏదో కనిపెట్టి, దాన్ని 3తో మళ్ళీ బిల్డ్ చేయండి.