పీటర్ పార్కర్‌ని చంపేశారని ఎనిమిది నెలలు అలిగాను

ప్రశ్న: ఏళ్ల తరబడి చదివిన సూపర్‌హీరో కామిక్ ఉన్నట్టుండి వేరే దారి పట్టింది, సగంమంది తిడుతున్నారు, సగంమంది ఆహా అంటున్నారు. చదవడం ఆపెయ్యాలా?

నేను ఆపేసి చూశానండి. నష్టపోయింది నేనే.

2012 చివర్లో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 700వ సంచిక వచ్చింది. స్పైడర్‌మ్యాన్ పాత శత్రువు డాక్టర్ ఆక్టోపస్, మేం డాక్ ఆక్ అనేవాళ్లం, చావుబతుకుల్లో ఉండి తన మనసుని పీటర్ (అంటే అసలు స్పైడర్‌మ్యాన్) ఒంట్లోకి, పీటర్‌ని తన ముసలి ఒంట్లోకి మార్చేస్తాడు. పీటర్ ఆ ఒంట్లోనే చచ్చిపోతాడు. మా తమ్ముడు నాకన్నా ముందు చదివేసి, పక్కింట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టి "అన్నయ్యా, పీటర్ పోయాడు" అన్నాడు. స్పాయిలర్ చెప్పినందుకు ముందు వాణ్ణి ఒకటి పీకి, తర్వాత చదివాను. పీటర్ చచ్చిపోతూ తన జ్ఞాపకాలన్నీ, తనని పెంచిన అంకుల్ బెన్ చావుతో సహా, డాక్ ఆక్‌కి చూపిస్తాడు, అవి చూసి వాడు మారిపోయి నీకంటే గొప్ప స్పైడర్‌మ్యాన్‌నవుతా అంటాడు. నాకు ఒళ్లు మండింది. దొంగ చేతికి తాళాలిచ్చి ఇంక నువ్వే కాపలా అన్నట్టుంది.

నేను మానేశా, తమ్ముడు మానలేదు. రోజూ గొడవే. అమ్మ విసిగిపోయి "ఎవర్రా ఆ పీటరు, నీతో చదువుకున్నాడా?" అని కూడా అడిగింది.

ఎనిమిది నెలల తర్వాత జ్వరమొచ్చి మంచంమీద ఏమీ తోచక తమ్ముడి దగ్గరున్న సుపీరియర్ స్పైడర్‌మ్యాన్ (డాక్ ఆకే స్పైడర్‌మ్యాన్‌గా తిరిగే కొత్త సిరీస్) సంచికలన్నీ వరసగా లాగించేశా. 5వ సంచికలో చేతికి చిక్కిన మాసకర్ అనే హంతకుణ్ణి డాక్ ఆక్ తుపాకీతో కాల్చేస్తాడు, పీటర్ చచ్చినా చెయ్యని పని. అది చూసి ఇదిగో నేనన్నదే అనుకున్నా. కానీ నన్ను పడగొట్టింది వేరే. పీటర్‌కి డాక్టరేట్ లేదు కదా, పేరు ముందు డాక్టర్ లేకపోతే వీడికి ప్రాణం ఒప్పదు, అందుకని మళ్లీ కాలేజీకి పోతాడు! లోకాన్ని కాపాడుతూ మధ్యలో థీసిస్. అక్కడ పరిచయమైన ఆనా మరియా అంటే ప్రాణం పెడతాడు. తర్వాత 2014లో వచ్చిన చివరి సంచికల్లో ఆమె ప్రమాదంలో పడితే, కాపాడటం తనవల్ల కాదు, పీటర్ వల్లే అవుతుందని ఒప్పుకుని, తన మనసుని తనే చెరిపేసుకుని ఒళ్లు తిరిగిచ్చేస్తాడు. అంత అహంకారి! పీటర్ ఎందుకు గొప్పో పీటర్ లేకుండా చూపించారు, అంతకన్నా బాగా ఎవరూ చూపించలేదు, పందెం.

అలాగని ఏ మార్పైనా నెత్తిన పెట్టుకోమనట్లేదు. 2007లో వన్ మోర్ డే అని ఒకటి చేశారు, అది మాత్రం నేను చచ్చినా క్షమించను. పీటర్‌ని పెంచిన మే ఆంటీ ప్రాణం కోసం పీటర్, అతని భార్య మేరీ జేన్ తమ పెళ్లిని మెఫిస్టో అనే సైతానుకి ధారపోస్తారు, 1987లో జరిగిన పెళ్లి అసలు జరగనే లేదన్నట్టు లెక్క. దాన్ని రాసిన స్ట్రాజిన్‌స్కీయే తన పేరు తీయించేసుకుందామనుకున్నాడంటే చూసుకోండి. అది దారి మార్చడం కాదు, మనం నడిచొచ్చిన రోడ్డు తవ్వెయ్యడం. తేడా అంతా అక్కడే ఉంది నా లెక్కలో.

ఇంకో మంట ఏంటంటే నంబర్లు, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ సంచికల లెక్క మాటిమాటికీ ఒకటి నుంచి మొదలెడతారు. 2014లో మళ్లీ 1, 2015లో మళ్లీ 1, 2018లో మళ్లీ 1, 2022లో మళ్లీ 1. కొత్తగా చదువుదామన్నవాడికి ఏ ఒకటి ఇవ్వాలి? దీనిమీద ఎవడూ కొట్టుకోడు. పీటర్‌ని చంపినందుకు మాత్రం ఆ కథ రాసిన డాన్ స్లాట్‌ని చంపుతామని బెదిరించారు, వాళ్లలో సగంమంది ఎవరో పెట్టిన ఒక్క పేజీ ఫొటో చూసి ఊగిపోయినవాళ్లేనని నా గట్టి నమ్మకం.

2014లో పీటర్ తిరిగొచ్చాడు, నేను పండగ చేసుకున్నా. మా తమ్ముడు ఆ నెల నుంచే చదవడం మానేశాడు. వాడికి డాక్ ఆకే కావాలిట.