ఫ్యాషన్ నుంచి యూఎక్స్ డిజైన్‌లోకి మారాలంటే మళ్ళీ డిగ్రీ చదవాలా?

అక్కర్లేదు. యూఎక్స్ డిజైన్ అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్ళకి సులువుగా ఉండేలా రూపొందించడం. ఫ్యాషన్‌లో పనిచేసినవాళ్ళకి ఇందులో సగం పని ముందే తెలుసు. కొలతలు తీసుకుని, చవక గుడ్డతో నమూనా కుట్టి, ట్రయల్ వేయిస్తారు. చంక దగ్గర పట్టేస్తోందంటే విప్పి మళ్ళీ కుడతారు. మానవ కేంద్రిత డిజైన్‌కి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241-210 చెప్పేదీ దాదాపు ఇదే: వాడేవాళ్ళ పరిస్థితి తెలుసుకో, అవసరం తేల్చుకో, నమూనా చెయ్యి, పరీక్షించు, తేడా వస్తే వెనక్కి వెళ్ళు.

కష్టమల్లా సొంత అభిరుచిని పక్కన పెట్టడమే. ఫ్యాషన్‌లో మీ టేస్ట్‌కే డబ్బులిస్తారు. ఇక్కడ లేత బూడిద రంగు అక్షరాలు ఎంత క్లాసీగా అనిపించినా కుదరదు. మామూలు సైజు అక్షరాలకీ వాటి వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా నిష్పత్తి) కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో, అంటే చూపు తక్కువున్నవాళ్ళతో సహా అందరూ వాడగలిగేలా పెట్టిన నియమాల్లో, ఏఏ అనే మధ్య స్థాయి నియమం.

స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా గురించి టెన్షన్ పడకండి, వాడుతుంటే అదే వస్తుంది. ముందు మనుషుల్ని గమనించడం నేర్చుకోండి. ‘ఈ స్క్రీన్ బాగుందా?’ అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. ‘ఈ కుర్తా మీ సైజులో ఆర్డర్ పెట్టండి’ అని ఫోన్ చేతికిచ్చి, మీరు నోరు మెదపకుండా చూడండి. ఐదుగురితో చేయిస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని యూజబిలిటీ (వాడకంలో సులువు) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. దానిమీద వాదనలున్నా, మొదలుపెట్టడానికి అది చాలు.

పోర్ట్‌ఫోలియోని అందమైన ఫొటోల లుక్‌బుక్‌లా చేయకండి. ఎవరు ఎక్కడ తడబడ్డారో, దాన్నిబట్టి మీరేం మార్చారో చూపించండి. డిగ్రీయే కావాలనుకుంటే డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాసి ఐఐటీ హైదరాబాద్‌లో ఎం.డెస్. (డిజైన్‌లో మాస్టర్స్)కి ప్రయత్నించవచ్చు.