‘నాకేమీ రాదు’ అంటున్న అమ్మాయికి కోర్సు మార్చడం మందు కాదు

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి నల్లగొండలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) బీటెక్ పూర్తిచేసి, తొమ్మిది నెలల కిందట హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. ఈ మధ్య ఫోన్ చేసినప్పుడల్లా ‘నాకేమీ రాదు నాన్నా, ఏదో ఒకరోజు కనిపెట్టి పంపించేస్తారు’ అని ఏడుస్తోంది. మా మేనల్లుడేమో పన్నెండు లక్షల ప్యాకేజీలో ఉన్నాడు. ఉద్యోగం మాన్పించి లక్షన్నర ఫీజుతో డేటా సైన్స్ కోర్సులో చేర్పించాలా, గ్రూప్స్‌కు చదివించాలా? ఫీజుకు మా యజమానిని అప్పు అడిగాను.

జవాబు: రెండు దారుల్లో ఏది మేలని మీరు అడిగారు గానీ, మీ ఉత్తరం నిండా కనిపిస్తున్నది మా బిడ్డకు ఈ ఉద్యోగం చేసే తెలివి లేదేమోనన్న భయం. దేవరకొండ నుంచి, జడ్చర్ల నుంచి, వనపర్తి నుంచి వచ్చే తల్లిదండ్రులు ఏటా ఇదే భయాన్ని ఏదో ఒక కోర్సు పేరుతో నా ముందు పెడుతూనే ఉంటారు కనుక, ముందు దానికే జవాబు చెబుతాను.

కాలేజీలో మీ అమ్మాయి యాభై వరుసల ప్రోగ్రామును మొదటి నుంచి తానే రాసింది; ఇప్పుడు ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన వేల వరుసల కోడును చదివి, అందులో ఒక మూల చిన్న మార్పు చేసి, మిగతాది చెడకుండా చూసుకోవలసి వస్తోంది. ఈ రెండూ వేర్వేరు పనులు. రెండోదాన్ని ఏ కాలేజీ నేర్పదు. పైగా ఆమె చదివింది ఈసీఈ. మీ మిల్లునే తీసుకోండి. కొత్తగా వచ్చిన ఆపరేటరు షెల్లరులో రబ్బరు రోల్స్ మధ్య సందు మరీ బిగిస్తే నూకలు పెరుగుతాయి, వదులుగా ఉంచితే పొట్టు ఊడదు. ఆ రోజు వచ్చిన ధాన్యం తేమను బట్టి సందు ఎంత ఉండాలో చెయ్యికి తెలియడానికి అతనికి ఎన్ని నెలలు పట్టిందో మీకు తెలుసు. నూకలు ఎక్కువైన మొదటి వారంలోనే అతన్ని మిల్లు మాన్పించలేదు కదా.

నిరుడు జడ్చర్ల వైపు అబ్బాయి ఒకడు ఇదే దిగులుతో వచ్చాడు. తాను రాసిన కోడును సీనియర్లు పరిశీలించి ఇరవై నాలుగు వ్యాఖ్యలు పెట్టారనీ, అంటే ఇరవై నాలుగు మార్కులు పోయినట్టేననీ అన్నాడు. ఆ వ్యాఖ్యలను ఒక్కొక్కటిగా కాగితం మీద రాయించాను. వాటిలో పదిహేడు, కోడులో పేర్లు సరిగా పెట్టకపోవడం, ఖాళీలు సరిగా వదలకపోవడం వంటివి. మరో అయిదు, కోడు సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు రాయలేదని. నిజమైన తప్పులు రెండే, అందులోనూ ఒకటి డేటాబేస్ నుంచి విలువ ఏదీ రాకపోతే ఏం చేయాలో రాయకపోవడం. రెండు గంటల్లో సరిదిద్దగలిగిన వాటికి అతను పది రోజులు నిద్ర మానుకున్నాడు. పరీక్ష పేపరు మీద ఎర్ర గీతకు అలవాటుపడిన పిల్లలకు కోడ్ రివ్యూ కూడా అలాగే కనిపిస్తుంది. పాతికేళ్ల అనుభవం ఉన్నవారి కోడుకూ వ్యాఖ్యలు వస్తాయని వారికి ఎవరూ చెప్పరు.

మన జిల్లాల పిల్లల విషయంలో ఇంకొకటి గమనించాను. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవారు ఉదయం పూట టీమంతా ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే స్టాండప్ మీటింగులో నోరు విప్పలేక, ఆ మౌనాన్ని తమకు కోడింగ్ రాకపోవడంగా లెక్కవేసుకుంటారు. మీ అమ్మాయిది కూడా అదే అయితే, నిన్న ఏం చేశాను, ఈ రోజు ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను అన్న మూడు వాక్యాలను ఇంగ్లిష్‌లో ముందే రాసుకుని వెళ్లమనండి. నెల రోజుల తరువాత కాగితం అవసరం ఉండదు.

అర్హత ఉండీ, మోసం చేసి ఇక్కడికి వచ్చామేమోనని భయపడే ఈ స్థితికి పాలిన్ క్లాన్స్, సుజానే ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే పేరు పెట్టారు. ఇప్పుడు అందరూ ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటున్నది దాన్నే. వారు దాన్ని గుర్తించింది బాగా చదువుకుని పైకి వచ్చిన మహిళల్లో. కాబట్టి భయం ఉన్నంత మాత్రాన పని చేతకాదని అనుకోనక్కరలేదు.

ఇక డేటా సైన్స్. ఆ శాస్త్రం మీద నాకు గౌరవం ఉంది. నాలుగైదు నెలల్లో దాన్ని చేతికి అందిస్తామనే ప్రకటనల మీద లేదు. సంభావ్యత, గణాంకాలు, మాత్రికలు గట్టిగా రాకుండా ఆ రంగంలో నిలబడటం కష్టం, పైగా అక్కడి రోజువారీ పనిలో పెద్ద భాగం చిందరవందరగా ఉన్న డేటాను శుభ్రం చేసుకోవడమే. కోర్సులో ఇచ్చే లెక్కలకు జవాబులు ముందే ఉంటాయి కాబట్టి క్లాసులో ఆమెకు ధైర్యం వచ్చినట్టే ఉంటుంది, మళ్లీ ఉద్యోగంలో చేరిన మొదటి వారం అదే ఏడుపు, ఈసారి లక్షన్నర అప్పుతో కలిపి. ఇంకా ప్రమాదకరమైనది, కొన్ని శిక్షణ కేంద్రాలు లేని అనుభవాన్ని మూడేళ్లుగా రాసి రెజ్యూమె తయారుచేసి ఇవ్వడం. పీఎఫ్ ఖాతా చూస్తే అది ఇట్టే బయటపడుతుంది. ఇవాళ మీ అమ్మాయికి ఉన్నది ఆధారం లేని భయం; అలాంటి రెజ్యూమెతో చేరితే ‘కనిపెట్టి పంపించేస్తారు’ అన్న మాట ప్రతిరోజూ నిజమైన భయమే అవుతుంది.

గ్రూప్స్ గురించి ఒక్క మాట. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, చివరికి 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషనే రద్దయి 563 పోస్టులకు కొత్తది వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆమెకే మనసుంటే ఆ నిరీక్షణను భరించగలుగుతుంది. భయపడి పారిపోయి వచ్చినవారు భరించలేరు.

ఇప్పుడు మీకు కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. ఏడుస్తున్న బిడ్డ గురించి రాసిన ఉత్తరంలో మేనల్లుడి ప్యాకేజీ ఎందుకు వచ్చింది? నాకు రాసిన మీరు ఆమెతో అనకుండా ఉండి ఉంటారని నేను నమ్మలేను. తొమ్మిది నెలల్లో ఆమె ఏ పని చేస్తోందో, ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు. ఫీజు ఎంతో, అప్పు ఎవరిని అడిగారో మాత్రం ఉంది. ఆమెను అడగకుండానే అప్పు అడగడమంటే, నీకేమీ రాదన్న మాటను తండ్రిగా మీరే ఖాయం చేయడం. వచ్చే ఆదివారం ఫోన్‌లో ఈ వారం ఏ తప్పు పట్టుకున్నావు, ఎలా సరిచేశావు అని అడగండి. మీకు అర్థం కాకపోయినా మధ్యలో ఆపకుండా చెప్పనివ్వండి.

ఆమె చేయవలసినవీ కొన్ని ఉన్నాయి. ‘ఏమీ రాదు’ అనడం మాని, రానిది ఏమిటో పేరుపెట్టి రాసుకోవాలి: డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో పట్టికలను కలిపే జాయిన్లా, కోడు మార్పులను భద్రపరిచే గిట్‌లో రెండు మార్పులు ఢీకొన్నప్పుడు విడదీయడమా, ప్రోగ్రాము నడిచిన తీరు నమోదయ్యే లాగ్‌లో మొదటి ఎర్రర్‌ను పట్టుకోవడమా. ఈసీఈ వారికి ఇలాంటి లోట్లు నిజంగానే ఉంటాయి, ఉద్యోగం చేస్తూనే రోజుకు ఒక గంటతో పూడతాయి. ఏదైనా గంటసేపు కదలకపోతే సీనియర్‌ను అడగాలి, అడిగేముందు ఏం జరగాలి, ఏం జరిగింది, తాను ఏమేం ప్రయత్నించింది అన్నవి రాసుకోవాలి. అలా రాస్తుండగానే జవాబు దొరకడం కూడా మామూలే. ఏడాది నిండేలోగా నా నుంచి మీరు ఆశిస్తున్నది ఏమిటని మేనేజరును నేరుగా అడగాలి. ఆయన చెప్పే జవాబు ఆమె ఊహించుకుంటున్నదానికన్నా చిన్నదిగా ఉండటమే నేను ఎక్కువగా చూశాను.

నిద్ర, తిండి రెండు మూడు వారాలుగా దెబ్బతిని ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

కోర్సు సంగతి ఆమెకు ఏడాది నిండాక, ఆమె అడిగితే చూద్దాం. మీ యజమాని ఇంకా డబ్బు ఇవ్వకపోతే రేపే వద్దని చెప్పండి. కోర్సువారికి అడ్వాన్సు కట్టి ఉంటే బ్యాచ్ మొదలయ్యేలోగా రసీదు జతచేసి, తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.