రౌతు ఎక్కడ, సవారు ఎక్కడ

చిరంజీవి అబ్బాయికి పెదనాయన దీవెనలు.

గుత్తి కోట మీద నువ్వు రాసింది చదివినా. ముందు రెండో పేజీ దిద్దు. "హైదరాలీ రైతులు కోటను చుట్టుముట్టారు" అని పడింది. అది రౌతులు కావాల; ఔత్వం పోయి ఐత్వం వచ్చింది, అంతే. దాంతో కత్తులు పోయి కొడవళ్లు చేతికొచ్చినాయి. రైతు అరబ్బీ రయ్యత్ నుంచి వచ్చిన మాట, ఏలుబడిలోని మనిషి అని. రౌతు మూలం సంస్కృత రాజపుత్ర. ప్రాకృతంలో అరిగి, మన దగ్గర రావుతు, రౌతు అయింది. రాయడం అయినాక "రైతు" అని వెతికి, ఒక్కోటీ కళ్లతో చూసుకో.

రౌతు అంటే గుర్రమెక్కి పోరాడే మనిషి ఒక్కడు. ఆశ్వికుడూ అంతే. ఆశ్వికదళం గుంపు పేరు; "యాభై ఆశ్వికదళాలు" అంటే యాభైమంది కాదు, యాభై పటాలాలు. "గుర్రాలెక్కిన రౌతులు" అననక్కర లేదు, దిగినప్పుడు మాత్రం చెప్పాల. ఏనుగు మీదివాడు మావటి, గుర్రాన్ని సాకేవాడు సాయీసు.

గుత్తిని ఏలిన మురారిరావు మరాఠా సర్దారు. ఆయన దండు గురించి రాసేటప్పుడు రౌతు ఒక్కటే చాలదు. సొంత గుర్రం, సొంత ఆయుధం తెచ్చుకునేవాడు సిలేదారు. సర్కారు గుర్రమెక్కేవాడు బార్గీరు. గుర్రం చస్తే సిలేదారుకు జీవనాధారమే పోతుంది, అందుకే అతను దాన్ని ఊరికే కత్తులకు ఎదురు తోలడు. ఈ సంగతి రెండు వాక్యాల్లో పెడితే నీ వ్యాసానికి బరువొస్తుంది.

1776లో గుత్తి ముట్టడిలో "రౌతులు బురుజు మీదికి లంఘించారు" అన్నావు. కొట్టేయి. కోటగోడ గుర్రమెక్కే మెట్టు కాదు. ముట్టడిలో రౌతుల పని కిందనే: దారులు కాయడం, మేత, గింజలు పైకి పోనీకుండా చేయడం.

ఇప్పటి సైన్యం పేర్లు తెనిగించొద్దు. 16వ కావల్రీని ఆశ్వికదళం అంటే చదివేవాడు గుర్రాలను ఊహిస్తాడు, వాళ్లెక్కేది ట్యాంకు. గుర్రాలకు పేరుపడింది 1953లో ఏర్పడిన 61వ కావల్రీ, జైపూర్‌లో. ట్యాంకు పటాలంలోనూ సిపాయిని సవారు అనే అంటారు, హవల్దారును దఫేదారు అని. కలెక్టరు వాకిట నిలబడే డఫేదారుదీ ఆ మాటే. కావల్రీ అచ్చులో కల్వరి అయిందేమో చూడు, అది ఏసును సిలువ వేసిన కొండ.

ఇంకొకటి. "రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ల మీద పరిగెత్తుతుంది" అన్న సామెతను మురారిరావు పొగడ్తలో పెట్టినావు. అది అదుపు చేతగాని పెద్దను ఎత్తిపొడిచే మాట నాయనా. ఆ వాక్యం తీసేసి పంపు.