బంతి దగ్గర ఇంకొన్నాళ్ళు ఉండు

తమ్ముడూ,

యానిమేషన్ కోర్సులో చేరి ఇన్నాళ్ళయినా బాల్ బౌన్సే చేయిస్తున్నారు, క్యారెక్టర్ ఎప్పుడిస్తారో అని విసుక్కుంటూ రాశావు. నువ్వు పంపిన క్లిప్ నాలుగైదు సార్లు చూశాను. ఇంకొన్నాళ్ళు బంతి దగ్గరే ఉండు.

నీ బంతి కిందికి వస్తోంది గానీ దానికి బరువు లేదు. లోపం స్పేసింగ్‌లో, అంటే ఒక ఫ్రేము (బొమ్మ) నుంచి ఇంకో ఫ్రేముకి బంతి జరిగే దూరంలో ఉంది. పైనుంచి నేల దాకా ప్రతి ఫ్రేముకీ ఒకే దూరం పెట్టావు. మీటరు ఎత్తు నుంచి వదిలిన బంతి నేలకు చేరడానికి, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, దాదాపు 11 ఫ్రేములు పడుతుంది. సగం సమయం గడిచేసరికి అది దిగేది పావు వంతు దూరమే. మిగతా ముప్పావూ రెండో సగంలో దిగుతుంది. అందుకే పైన బొమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా, కిందికొచ్చేకొద్దీ ఎడంగా పడాలి.

రెండో బౌన్స్ నుంచి ఇంకో తేడా ఉంది. బంతి కదలికను గీతగా చూపించే గ్రాఫ్ ఎడిటర్ తెరువు. నేల తాకే కీ (నువ్వు బంతి స్థానం పెట్టిన ఫ్రేము) దగ్గర కర్వ్ గుండ్రంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తనే అలా చేస్తుంది. దాంతో బంతి నేల దగ్గర బ్రేకు వేసినట్టు ఆగి లేస్తోంది. ఆ కీకి రెండు వైపులా కర్వ్‌ను వంచే హ్యాండిల్స్ విడగొట్టి అక్కడ కోసుగా చెయ్యి. గుండ్రం పైన మాత్రమే ఉండాలి.

డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో చెప్పిన 12 సూత్రాల్లో మొదటిది స్క్వాష్ అండ్ స్ట్రెచ్, అంటే నొక్కుకోవడం, సాగడం. అందరూ దాని మీదే ముందు పడతారు, నువ్వూ అంతే. నన్నడిగితే టైమింగ్ (ఎన్ని ఫ్రేములు పడుతుందనేది), స్పేసింగ్ కుదిరాకే దాని జోలికి వెళ్ళాలి. బంతి నొక్కుకున్నప్పుడు వెడల్పు పెరగాలి, లేకపోతే చిన్నదైపోయినట్టు కనిపిస్తుంది. ఇనుప గుండుకైతే అసలు వద్దు.

టెన్షన్ పడకు, ఇదేమీ వృథా కాదు. రేపు క్యారెక్టర్ నడిచినప్పుడు దాని నడుము లేచి దిగేది ఇలాంటి కర్వ్‌లోనే.

ఈసారి రెండు బంతులు చెయ్యి: ఇనుప గుండు, పింగ్‌పాంగ్ బంతి. రెండూ ఒకే సైజు, ఒకే బూడిద రంగు, సౌండ్ వద్దు. పింగ్‌పాంగ్ ఒక బౌన్సుకి 20 ఫ్రేములు గాలిలో ఉంటే, అందులో సగం ఎత్తుకే లేచే బౌన్సుకి 14 చాలు. ఏది ఏదో నీ రూమ్మేట్ చెప్పగలిగాక నాకు పంపు.

మీ అన్న